మర్చిపొమ్మని చెప్పకండి: మాజీ సైనికులకు, పోలీసులకు ట్రామా చికిత్స ఎలా జరుగుతుందంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన ఆర్మీ నుంచి రిటైరై బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ ఒక ఏజెన్సీలో గన్‌మ్యాన్‌గా చేస్తున్నారు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియలన్నీ తడిమి చూస్తారు. రోడ్డు పక్కన నల్ల చెత్త సంచి కనబడితే బండి అవతలి లేన్లోకి తిప్పేస్తారు. మొన్న కుక్కర్ విజిల్ వెయ్యగానే ఉలిక్కిపడి, పక్కనున్న బాబు మీద చెయ్యి చేసుకున్నారు. అనంతపురం వైపు ఎస్సైగా ఉన్న మీ అన్నయ్యేమో "మిలటరీవాడికి కౌన్సెలింగేంటి, పాతవన్నీ మర్చిపొమ్మని చెప్పు" అన్నారు. దీనికి నిజంగా చికిత్స ఉందా, ఉంటే అందులో ఏం చేస్తారు అని మీరు అడిగారు.

ఉంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని, మాది హిందూపురం. ట్రామాకి, అంటే భయంకరమైన అనుభవాలు మనసుకి చేసిన గాయానికి, బెంగళూరులో 22 ఏళ్లుగా చికిత్స చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం మంది ఎప్పుడో ఒకప్పుడు యూనిఫాం వేసుకున్నవాళ్లే.

చికిత్స సంగతికి వెళ్లేముందు తుపాకీ సంగతి. గన్‌మ్యాన్ ఉద్యోగమంటే చాలామందికి సొంత లైసెన్సు తుపాకీ ఉంటుంది, డ్యూటీ అయ్యాక అది ఇంటికే వస్తుంది. నిద్రలేని మనిషి, తాగుడు, తూటాలు ఒకే గదిలో ఉండకూడదు. ఎన్నికలప్పుడు స్టేషన్లో ఆయుధాలు డిపాజిట్ చేస్తారు కదా, అలాగే కొన్నాళ్లు స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో అప్పగించే వీలుంటుంది. ఉద్యోగం పోతుందని ఆయన భయపడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఏజెన్సీలో తుపాకీ అవసరంలేని డ్యూటీ అడగమనండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం తప్పు. నేను వందలమందిని అడిగాను, ఎక్కువమంది మొహంలో కనబడింది ఊరటే. అవునంటే ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటారు. ప్రమాదం అప్పటికప్పుడే అనిపిస్తే అత్యవసర నంబరు 112.

ఇక మీ అన్నయ్య మాట. "మర్చిపో" అనేది ప్రేమతో చెప్పే సలహాయే, కానీ ఈ జబ్బుని పెంచి పోషించేది అదే. దీన్ని వందేళ్ల కిందటే ఒక డాక్టరు పట్టుకున్నాడు. ఆయన పేరు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్. 1901, 1902లలో మన నీలగిరి కొండల్లో తోడా జనం మధ్య ఉండి వాళ్ల ఆచారాల్ని పరిశోధించినాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో స్కాట్లాండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో, యుద్ధంలో మనసు దెబ్బతిన్న ఆఫీసర్లకు వైద్యం చేశాడు. అప్పట్లో డాక్టర్లూ చుట్టాలూ అందరూ ఆ సైనికులకు ఇచ్చిన సలహా కూడా మీ అన్నయ్యదే: దాని గురించి ఆలోచించకు. 1917లో లండన్‌లో వైద్యుల ముందు రివర్స్ దానికి ఎదురు చెప్పాడు. జ్ఞాపకాన్ని పగలంతా అణిచిపెట్టినవాడికి అది రాత్రి రెట్టింపై వస్తోందని, దాన్ని బయటికి తీసి చూసినవాడికి పీడకలలు తగ్గుతున్నాయని తన రోగులనే చూపించాడు. అయినా పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత వచ్చే ఒత్తిడి జబ్బు) అనే పేరుతో ఇది అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాకెక్కింది 1980లో. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు రోడ్డెక్కి పోరాడాక.

ఎందుకలా జరుగుతుందో చెబుతాను. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది. మీ పెళ్లి గుర్తొస్తే అది గడిచిపోయిందని మీ ఒంటికి తెలుసు. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో మెదడు ఆ పని సరిగ్గా చెయ్యలేదు. శబ్దం, వాసన, పొగ, అరుపు విడివిడిగా పడిపోతాయి, వాటికి 'ఇది అప్పటిది' అనే ముద్ర పడదు. అందుకే కుక్కర్ విజిల్ మోగితే ఆయనకు పాత సంగతి గుర్తు రావడం లేదు, అది మళ్లీ జరుగుతోంది. చెయ్యి లేచింది బాబు మీదికి కాదు. ఇంత చెప్పినా బాబుకి దెబ్బ తగిలింది, అదీ నిజమే. దాని గురించి చివర్లో రాస్తాను.

చెత్త సంచి సంగతీ ఇదే. దారిలో మందుపాతరలు వెతికే డ్యూటీ చేసినవాడికి రోడ్డు పక్కన ఒంటరిగా పడున్న సంచి చెత్తలా కనబడదు. పక్కకు తప్పుకున్న ప్రతిసారీ గుండె దడ తగ్గుతుంది. తప్పుకున్నాను కాబట్టే బతికానని మెదడు లెక్క రాసుకుంటుంది. ఆ సంచిలో ఉన్నవి కొబ్బరి చిప్పలేనని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పటికీ రాదు. ఇలా సంచి తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత పెళ్లిళ్లు, మెట్రో, ఒక్కొక్కటే వదిలేసి చివరికి మనిషి ఒక గదిలో మిగులుతాడు.

దీనికి బాగా పరీక్షించి చూసిన చికిత్సలు ప్రధానంగా మూడు. నేను ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ. మామూలుగా 12 సెషన్లు. ప్యాట్రీషియా రీసిక్ అనే ఆవిడ మొదట అత్యాచార బాధితుల కోసం రూపొందించారు, తర్వాత సైనికులకూ విస్తృతంగా వాడారు. మనసు ఏ వాక్యం దగ్గర ఇరుక్కుపోయిందో కనిపెట్టి, ఆ వాక్యాన్ని ఇద్దరం కలిసి విచారించడమే అందులో పని.

వివరాలు మార్చి ఒకరి గురించి చెబుతాను. ఇక్కడి మద్రాస్ ఇంజనీర్ గ్రూపు అనే ఆర్మీ దళం నుంచి రిటైరైన మనిషి, మన రాయలసీమవాడే. ఆ రోజు ముందు బండిలో వెళ్లాల్సింది ఆయన. ఇంటికి ఫోన్ చేసుకోవాలని తన వంతు స్నేహితుడికి ఇచ్చాడు. ఆ బండి మందుపాతర మీదికెక్కింది. 14 ఏళ్లు ఆయన మోసిన వాక్యం ఒకటే: "నేను ఫోన్ చెయ్యకపోతే వాడు బతికేవాడు."

మొదటి మూడు సెషన్లు ఆయన హిందీలో చెప్పాడు. నేను తెలుగులో అడిగినా జవాబు హిందీలోనే, కంపెనీ కమాండర్‌కి రిపోర్టు ఇస్తున్నట్టు: ఎన్ని గంటలకు కదిలాం, ఎన్ని బండ్లు, ఎక్కడ. యూనిఫాం వాళ్లలో ఇది చాలాసార్లు చూశాను. ఉద్యోగం చేసిన భాషలో ఉన్నంతసేపూ ఆ మనిషి ఇంకా డ్యూటీలోనే ఉంటాడు. నాలుగోసారి మాట మధ్యలో ఆగిపోయి, తెలుగులోకి వచ్చాడు. "వాడి బూటు ఒకటి రోడ్డు మీద నిటారుగా నిలబడి ఉండె మేడం." అప్పుడు ఏడ్చాడు. చికిత్స అక్కడే మొదలైందని నేననుకుంటాను. అందుకే మీ ఆయనకు తెలుగు మాట్లాడే థెరపిస్టునే వెతకమంటున్నాను. ఈ ఊళ్లో అదేమంత కష్టం కాదు.

తర్వాత ఆ వాక్యాన్ని పట్టుకున్నాం. "పొద్దున ఆరింటికి, వంతు మార్చుకునేటప్పుడు, మీకు ఏం తెలుసు?" "ఏం తెలవదు." "అంతకుముందు వంతులు మార్చుకున్నారా?" "వారానికోసారి." "ఆయన కోసం మీరు ఎప్పుడైనా వంతు తీసుకున్నారా? అప్పుడు మీకేమన్నా అయ్యుంటే వాడిదే తప్పనేవారా?" "వాడిదెట్లా అవుతుంది మేడం?" ఇలా మూడు వారాలు సాగింది. ఒకరోజు అడిగాను, "ఆ మందుపాతర పెట్టిందెవరు?" చాలాసేపు మాట్లాడలేదు. 14 ఏళ్లుగా ఆయన కథలో మందుపాతర పెట్టినవాడి ఊసే లేదు. ఒక హత్య జరిగింది, ముద్దాయి బోనులో తనొక్కడినే నిలబెట్టుకున్నాడు.

దీన్ని ఓదార్పు అనుకోకండి. "నీ తప్పేం లేదులే" అని ఇంట్లోవాళ్లు వందసార్లు చెప్పుంటారు, అది లోపలికి దిగదు. ఆయన తన నోటితో, తన సాక్ష్యాలతో ఆ తీర్పు మార్చుకోవాలి. కొన్నిసార్లు తీర్పు మారదు కూడా. నిజంగా చెయ్యకూడనిది చేసినవాళ్లు, చెయ్యడం చూసి ఊరుకున్నవాళ్లు నా ముందు కూర్చున్నారు. జోనాథన్ షే అనే అమెరికన్ మానసిక వైద్యుడు వియత్నాం సైనికులతో పనిచేస్తూ, పైవాళ్లు చేసిన ద్రోహం వల్ల కలిగే గాయాన్ని 'మోరల్ ఇంజురీ' అన్నాడు, అంటే ధర్మానికి తగిలిన గాయం; తర్వాతివాళ్లు దీన్నీ ఆ పేరుతోనే పిలిచారు. దాన్ని తర్కంతో కడిగెయ్యాలని చూస్తే ఆ మనిషిని అవమానించినట్టే. తప్పుని తప్పుగా ఒప్పుకుని, తీర్చగలిగినంత తీర్చి, మిగతా బతుకు ఎలా బతకాలో మాట్లాడుకోవాలి. అది 12 సెషన్లలో తెమలదు.

మన రాయలసీమాయన చివర్లో తమిళనాడులో ఆ స్నేహితుడి ఊరికి వెళ్లాడు. వెళ్లమని నేను చెప్పలేదు. ఆ తల్లి అడిగింది ఒకటే, ఆ రోజు పొద్దున తన కొడుకు తిన్నాడా అని. ఆయన జవాబు చెప్పగలిగాడు. పూరీ తిన్నాడమ్మా, నాది కూడా లాక్కుని తిన్నాడు, అని.

రెండోది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతి. వారానికోసారో రెండుసార్లో, ఒక్కోటి 90 నిమిషాల చొప్పున, 8 నుంచి 15 సెషన్లు. జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి. దాన్ని రికార్డు చేసుకుని రోజూ వినాలి. మొదటి వారం నరకం. నాలుగైదు వారాలకి చాలామంది అదే రికార్డింగు వింటూ ఆవులిస్తారు. ఆ ఆవులింత కోసమే నేను ఎదురుచూస్తాను. దానితోపాటు బయట చేసే సాధన ఉంటుంది. తప్పించుకుంటున్న చోట్లను తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా రాసి, ఒక్కో మెట్టూ ఎక్కడం. ఒకాయనకి మొదటి మెట్టు ఆదివారం పొద్దున హలసూరు చెరువు గట్టు మీద అరగంట కూర్చోవడం. తర్వాత దర్శిని అనే చిన్న టిఫిన్ హోటల్లో, గోడకి వీపు ఆనించకుండా, తలుపుకి వీపు పెట్టి కాఫీ తాగడం. తర్వాత మధ్యాహ్నం పూట మెట్రో. ఆఖరిది తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్ల మధ్య నడవడం. భయం దానంతటదే దిగేదాకా అక్కడే ఉండాలి, సగంలో పారిపోతే లెక్కలోకి రాదు. దీన్ని మీరు ఇంట్లో సొంతంగా ప్రయోగించకండి. ఆయన్ని బలవంతంగా జాతరకు లాక్కెళ్లడం ఎక్స్‌పోజర్ కాదు.

మూడోది ఈఎండీఆర్. జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని, థెరపిస్టు వేళ్లు అటూ ఇటూ కదుపుతుంటే కళ్లతో అనుసరించడం. ఫ్రాన్సిన్ షాపిరో 1989లో ప్రచురించారు. కళ్లు కదపడం వల్లే పని చేస్తోందా అనే వాదన ఇంకా నడుస్తోంది గానీ ఫలితం ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది. ఎక్కువ మాట్లాడలేనివాళ్లకి నేను ఇది సూచిస్తాను.

ఇవి అందరికీ పూర్తిగా పనిచేస్తాయా? చెయ్యవు, ఆ సంగతి మీకు దాచను. సైనికుల మీద చేసిన పరీక్షలన్నిటినీ కలిపి 2015లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. మొదటి రెండు పద్ధతుల్లో 49 నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. అయినా చికిత్స ముగిసేసరికి మూడింట రెండొంతుల మందిలో జబ్బు ఇంకా జబ్బు అనదగ్గ స్థాయిలోనే ఉంది. నేను చూసిందీ దాదాపు ఇదే. కలలు వారానికి ఐదు నుంచి ఒకటికి తగ్గడం, మనిషి పిల్లల స్కూలు ఫంక్షన్‌కి వెళ్లి చివరిదాకా కూర్చోగలగడం. ఆ తేడా ఎంత పెద్దదో ఆ ఇంట్లో బతికేవాళ్లకే తెలుస్తుంది.

మాత్రల సంగతి సైకియాట్రిస్టు చూస్తారు. సెర్ట్రలీన్, పారోక్సెటీన్, వెన్లాఫాక్సీన్ లాంటివి పనిచేస్తాయి, అయితే తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులు వేసుకుని "ఏం లాభం లేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. నేను నిజంగా భయపడేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలకి, ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివాటికి. ఆ రాత్రికి నిద్ర వస్తుంది, కానీ అలవాటు పడతారు. అమెరికాలో మాజీ సైనికుల వైద్యానికి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి వీటిని వాడొద్దనే అంటున్నాయి. తాగుడుతో కలిస్తే ప్రాణాంతకం. మిలటరీ క్యాంటీన్ కోటా మద్యం మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తోందో ఒకసారి లెక్కపెట్టండి. నెలకి రావాల్సింది వారంలో అయిపోతుంటే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పాలి. తాగుడు మానేశాకే ట్రామా చికిత్స అని కొందరు వెనక్కి పంపిస్తారు. నేను ఒప్పుకోను, రెండూ కలిపే చెయ్యాలి.

మీ అన్నయ్య గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఒక బస్సు తగలబడిన ప్రమాదంలో శవాలు తీయించిన తర్వాత ఆయన మాంసం ముట్టడం లేదని. అమ్మా, నాకు మీ ఆయనకన్నా ఆయన గురించే ఎక్కువ బెంగగా ఉంది. సైనికుడికి యుద్ధం ఒకచోట జరుగుతుంది, ఇల్లు ఇంకోచోట ఉంటుంది. పోలీసుకి రెండూ ఒకే ఊళ్లో. పట్టాల మీద శవానికి పంచనామా రాసి, అదే చేత్తో ఇంటికెళ్లి అన్నం కలుపుకోవాలి. మర్నాడు ఉరేసుకున్న పిల్ల, ఆ మర్నాడు ఇంకోటి. వాళ్ల గాయానికి ఒక తేదీ ఉండదు, చుక్క చుక్కగా నిండుతుంది. 2013లో అమెరికా వైద్యులు నిర్వచనం మార్చినప్పుడు ఈ సంగతి చేర్చారు. పదేపదే శవ భాగాలు సేకరించేవాళ్లు, పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వివరాలు పదేపదే చూడాల్సివచ్చే పోలీసులు కూడా ఈ జబ్బుకి గురవుతారని ఉదాహరణలుగా రాశారు.

పోలీసులతో నేను ఒక తప్పు చేశాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక కానిస్టేబుల్‌ని మొదటి రోజే అంతా చెప్పమన్నాను. గంటన్నర చెప్పాడు, వణికిపోయాడు, దండం పెట్టి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ మనిషి ఏమయ్యాడో అనే ఆలోచన ఈ రోజుకీ నన్ను వదల్లేదు. ముందు నిద్ర, ఊపిరి, నమ్మకం. రెండు మూడుసార్లు కలిశాకే జ్ఞాపకం జోలికి వెళ్లాలి. పెద్ద ఘటన జరిగిన మర్నాడే అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ వర్ణించమనే 'డీబ్రీఫింగ్' కూడా ఇందుకే మంచిది కాదు. ఒక్కసారి చేసే ఆ సమావేశాలు జబ్బుని ఆపలేదని, కొందరికి హాని కూడా చేశాయని పరిశోధనల్లో తేలింది. ఆ మొదటి రోజుల్లో కావలసింది సెలవు, నిద్ర, తోటివాళ్ల తోడు.

వీళ్లు రాకపోవడానికి అసలు కారణం ధైర్యం ఎక్కువై కాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న భయం. ఆర్మీలో మెడికల్ కేటగిరీలో 'ఎస్' అక్షరం మానసిక స్థితిది. దాని పక్కన అంకె మారితే ప్రమోషన్, పోస్టింగ్ పోతాయని సర్వీసులో ఉన్నన్నాళ్లూ దాచేస్తారు. మీ ఆయన రిటైరయ్యారు, ఆ భయం ఇక అక్కర్లేదని గుర్తుచెయ్యండి. మీ అన్నయ్యకి మాత్రం అది నిజమైన భయమే, కొట్టిపారెయ్యను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ఆయన గానీ ఇంకొకరు గానీ ప్రమాదంలో ఉండడం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప థెరపిస్టు ఎవరికీ చెప్పకూడదు, పై అధికారికైనా. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో, మానసిక వైకల్యం ఉన్న వ్యక్తి మీద దానికి సంబంధించిన ప్రవర్తనకి క్రమశిక్షణ చర్యలు తీసుకోవడం పరోక్ష వివక్ష అంది. అన్నయ్యకి ఈ రెండూ చెప్పండి. ఆయన బెంగళూరొచ్చి చూపించుకున్నా ఎవరికీ తెలియనక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలంటే: మీ ఆయనకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే మొదట పాలీక్లినిక్‌కి వెళ్లి సైకియాట్రీకి రిఫరల్ అడగండి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కమాండ్ హాస్పిటల్ ఉంది. కార్డు లేకపోయినా, అక్కడికి వెళ్లనన్నా హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. పొద్దున్నే బయల్దేరండి, రోజంతా పట్టొచ్చు, టిఫిన్ కట్టుకెళ్లండి. ప్రైవేటుగా అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని చూసి, మొదటి ఫోన్లోనే ఒక ప్రశ్న అడగండి: "మీరు ట్రామాకి ఏ పద్ధతిలో చేస్తారు, ఎన్ని సెషన్లు?" సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూడండి. అత్తగారు కట్టించిన తాయెత్తు తీసెయ్యాల్సిన పనేం లేదు, అది చేతికి ఉండనివ్వండి, ఈయన్ని డాక్టరు దగ్గరికి రానివ్వండి.

ఇంట్లో ఆయన కల వచ్చి అరుస్తుంటే భుజం పట్టి కుదపకండి, దెబ్బ తగులుతుంది. కాళ్లవైపు కాస్త దూరంగా నిలబడి, లైటు వేసి, ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. "మనం కె.ఆర్.పురంలో ఉన్నాం, ఇది మన ఇల్లు" అని చెప్పండి. దీపావళికి ముందే ప్లాను వేసుకోండి. అక్కడ ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగొద్దు, చెప్పుకొస్తే ఆపొద్దు. మీరు ఆయన భార్య, థెరపిస్టు కారు. కుక్కర్ పెట్టేముందు "విజిల్ వస్తుంది" అని ఒక కేక వేస్తే చాలు.

బాబు విషయం. ఆయన కుదురుగా ఉన్న పూట, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే చెప్పాలి: "ఆ రోజు నిన్ను కొట్టాను. నువ్వేం తప్పు చెయ్యలేదు. నాకు పెద్ద చప్పుళ్లంటే ఒక జబ్బు ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నా." పిల్లలు ఇలాంటివి జరిగితే తమ వల్లే అనుకుంటారు, అడిగినా చెప్పరు. మళ్లీ చెయ్యి లేస్తే బాబుని తీసుకుని ఆ రాత్రికి ఇంకో ఇంటికి వెళ్లిపోండి, అది ఆయన్ని వదిలెయ్యడం కాదు. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: రాత్రికి ఎన్ని గంటలు నిద్ర, వారానికి ఎన్ని కలలు, ఎంత తాగుతున్నారు, వెళ్లడం మానేసిన చోట్లు, తుపాకీ ఎక్కడుంది. ఆయన చెప్పలేకపోతే ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. అపాయింట్‌మెంట్ ఏ రోజుకి దొరికిందో నాకు రాయండి.